తాసీల్దారు కట్టమన్నాడు, రైతులు కట్టమన్నారు

అందరికీ నమస్కారం. మొన్న మా అమ్మాయి పోటీ పరీక్షల నోట్సులో "పెదనందిపాడు పన్ను ఎగవేత ఉద్యమం" అని ఒక శీర్షిక కనిపించింది. రాసినవాళ్లకు ఏ దురుద్దేశమూ ఉండదు, తెలుసు. పేపర్లలో రోజూ కనిపించే మాట చేతికొచ్చింది, రాసేశారు. కానీ "ఎగవేత" అనే మాట అక్కడ ఉండటం నాకు చాలా బాధగా అనిపించింది.

"ఎగ" అంటే పైకి. ఎగరడం, ఎగువ, ఎగదోయడం అన్నీ ఆ కుటుంబమే. "ఎగ్గొట్టు"లోనూ అదే ఉంది. బాకీ ఎగ్గొట్టాడు, బడి ఎగ్గొట్టాడు, ఎగనామం పెట్టాడు అంటాం. ఈ వాడుకలన్నింటిలోనూ రెండు సంగతులు దాగి ఉన్నాయి. ఒకటి, ఇవ్వాల్సింది నిజంగానే ఉంది. రెండు, ఇవ్వకుండా కంటపడకుండా తప్పించుకున్నాడు. ఈ రోజు బ్యాంకుల వాళ్లు "ఎగవేతదారులు" అంటున్నది సరిగ్గా ఈ అర్థంలోనే.

గాంధీగారి సహాయ నిరాకరణ రోజుల్లో, 1921-22లో, గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) జరిగిందాన్ని దీని పక్కన పెట్టి చూడండి. పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో రైతులు శిస్తు ఆపేశారు. దాక్కోలేదు. ముందే చెప్పి ఆపారు. లెక్కలు రాసే కరణాలు, శిస్తు వసూలు చేసే మునసబులు రాజీనామాలు ఇచ్చారు. ఊళ్లో ఆ ఇద్దరూ పక్కకు తప్పుకుంటే ఎవరు ఎంత కట్టాలో చెప్పేవాడూ లేడు, తీసుకునేవాడూ లేడు. సర్కారు జప్తులకు దిగింది. జప్తు చేసిన సామాను వేలం వేస్తే పాట పాడేవాళ్లు దొరకలేదు. పక్కవాడి ఎడ్లు చవగ్గా వస్తున్నా చెయ్యి ఎత్తకుండా నిలబడటం ఎంత కష్టమో, కరువు కాలంలో వేలం చూసినవాళ్లకు తెలుస్తుంది. పోలీసులు, సైన్యం వచ్చినా జనం తిరగబడలేదు. దీన్ని "ఎగవేత" అంటే, ఆ శిస్తు న్యాయమైన బాకీయే అని మనమే ఒప్పుకున్నట్టు.

దానికి బదులు పన్నుల "నిరాకరణ" అంటే ఆ చిక్కు లేదు. అది సంస్కృత పదమే, బరువుగా ఉంటుంది. కానీ రైతు నోట్లో దానికి సమానమైన మాట చాలా చిన్నది: కట్టం.

మన వ్యాకరణం ఇక్కడ చేసే పని చూడండి. "కట్టలేదు" అంటే జరిగిన సంగతి. "కట్టలేం" అంటే చేతగాని సంగతి. "కట్టం" అంటే నిర్ణయం. పంట పోయిన ఏడు పెట్టే అర్జీల్లో ఉండేది రెండోది: కట్టలేము, మాఫీ చెయ్యండి. మాఫీ అంటే అసలు క్షమించడమే. అరబీ నుంచి వచ్చిన మాట. మాఫీ అడిగినవాడు తన మీద బాకీ ఉందని ఒప్పుకుని, దయ చూపమంటున్నాడు. కట్టలేం నుంచి కట్టం దాకా రావడానికి మధ్యలో పోయింది ఒక్క "లే". పెదనందిపాడు రైతులు దాటింది ఆ ఒక్క అక్షరాన్ని. పైగా "కట్టం"కి కాలం గుర్తు కూడా లేదు. నిన్న, నేడు, రేపు అన్నది అందులో కనిపించదు.

పల్నాడు సంగతి ఇంకో మెట్టు. అక్కడి మాట "పుల్లరి". పులు అంటే గడ్డి, తమిళంలో పుల్, కన్నడంలో హుల్లు. అరి అంటే పన్ను, కప్పం. పాత నిఘంటువుల్లో కప్పం కట్టేవాణ్ని "అరిగాపు" అన్నారు. అంటే పుల్లరి పేరులోనే ఉంది, అది గడ్డి మీద పన్ను అని. ఎవరూ దున్నని, ఎవరూ విత్తని గడ్డి. మాట తెల్లవాళ్లది కాదు, మనదే, పాతదే. కానీ 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవికి హద్దులు పడ్డాక ఆ పాత పేరు కింద కొత్త బరువు వచ్చి చేరింది. పుల్లరి కట్టకుండా పశువు అడవిలో అడుగు పెడితే బందెలదొడ్డికి తోలేవాళ్లు. విడిపించుకోవడానికి మళ్లీ డబ్బు. పశువు మీద బతికే ఇంట్లో ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించండి. జనం పుల్లరి మానేశారు, అధికారులకు ఊళ్లో ఏ సాయమూ అందకుండా చేశారు. ఆ ఉద్యమాన్ని నడిపిన మించాలపాడు కన్నెగంటి హనుమంతు గారిని 1922 ఫిబ్రవరిలో పోలీసులు కాల్చి చంపారు. ఆయన పేరు పక్కన "ఎగవేత" అని రాయడానికి మనకు చెయ్యి ఎలా వస్తుంది?

వ్యాఖ్య: మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది. కానీ పల్నాడులో కొట్లాటలు కూడా జరిగాయి కదా. దాన్నీ అహింస లెక్కలో వేయొచ్చా?

జవాబు: మంచి ప్రశ్న బాబూ. జరిగాయి, దాచక్కర్లేదు. దొడ్డికి తోలుతున్న తమ పశువులను కళ్లముందు చూసిన జనం అన్ని చోట్లా చేతులు కట్టుకుని నిలబడలేదు. అందుకే నేను పెదనందిపాడునూ పల్నాడునూ ఒకే మాటతో కట్టేయను. కానీ పన్ను మానడం అనే పని మాత్రం, అక్కడ శిస్తు, ఇక్కడ పుల్లరి, రెండుచోట్లా బాహాటంగా జరిగినదే. నేను పట్టుబడుతున్నది ఆ బాహాటం గురించి.

వ్యాఖ్య: చౌరీచౌరాలో జనం పోలీసులను చంపిన తర్వాత గాంధీగారు ఉద్యమం ఆపమన్నారు, పెదనందిపాడు రైతులు శిస్తు కట్టేశారు. అంటే చివరికి బాకీ ఒప్పుకున్నట్టే కదండీ?

జవాబు: లేదండీ. 1921 నవంబరులో ఢిల్లీలో కాంగ్రెస్ కమిటీ పన్నుల నిరాకరణకు అనుమతి ఇచ్చినప్పుడే షరతులు పెట్టింది: అహింస, ఖద్దరు, హిందూ ముస్లిం ఐక్యత, అంటరానితనం వదలడం. 1922 ఫిబ్రవరిలో బార్డోలీలో మొత్తం ఆపేయాలని తీర్మానించారు. చెప్పి ఆపినవాళ్లు, చెప్పి కట్టారు. ఎగ్గొట్టేవాడికి ఆ క్రమశిక్షణ ఎక్కడిది? ఆ రోజు ఆ ఊళ్లలో ఎంతమంది గుండె మండిందో కానీ, మాట మీద నిలబడ్డారు.

వ్యాఖ్య: మరి చీరాల పేరాల? వాళ్లు కట్టం అనలేదు, ఊరే వదిలేశారు.

జవాబు: అవునమ్మా, దానికి ఒక్క మాట నాకూ దొరకలేదు. మున్సిపాలిటీ చేసి పన్ను ఏడాదికి సుమారు 4,000 నుంచి 40,000 రూపాయలకు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఊరి హద్దు దాటి రామనగర్ వేసుకుని, పాకల్లో నెలల తరబడి ఉన్నారు. "వలస" అంటే పొట్ట కోసం పోవడంలా ఉంటుంది. "ఊరు విడవడం" అనే సాదా మాటే నయం అనిపిస్తోంది.

వ్యాఖ్య: శీర్షిక చదివి రెండు నిమిషాలు ఆగిపోయాను. రెండుచోట్లా "కట్టమన్నా" అనే ఉంది!

జవాబు: అందుకే అలా పెట్టాను. తాసీల్దారు "కట్టు" అన్నాడు, కాబట్టి కట్టమన్నాడు. రైతులు "కట్టం" అన్నారు, కాబట్టి కట్టమన్నారు. సంధి కలిస్తే హుకుమూ ధిక్కారమూ ఒకే రూపం. మాట్లాడేటప్పుడు రెండోదాన్ని "కట్టం" దగ్గర కాస్త ఆగి, ఒత్తి పలుకుతాం. రాతలో ఆ విరుపు పోతుంది, కాబట్టి "కట్టం అన్నారు" అని విడదీసి రాయడమే మంచిది.

ఒక మనవి. గొర్రెల కాపరుల నోట పుల్లరి మాట నేను విన్నాను. మీ వైపు "అరి" ఇంకే మాటలోనైనా పన్ను అర్థంలో మిగిలి ఉందా? పెద్దవాళ్లను అడిగి, ఏ ఊరో కూడా కలిపి కింద రాయండి.