ఫ్రాన్స్‌లో షాటో (కోటలాంటి పెద్ద భవంతి) అద్దెకు తీసుకున్నాం, గదులు ఎలా పంచుకోవాలి?

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ కలిసి చదివినవాళ్లం, ఇప్పుడు లండన్, మ్యూనిక్, హైదరాబాద్‌లలో తలా ఒకచోట ఉన్నాం. వచ్చే జూన్‌లో ఫ్రాన్స్‌లోని లువార్ నది లోయలో, ఆంబ్వాజ్ దగ్గర ఒక పాత షాటో వారం రోజులకి మాట్లాడుకున్నాం. శనివారం నుంచి శనివారం దాకా. పిల్లలతో కలిపి 16 మందిమి.

చిక్కంతా గదుల దగ్గరే. రెండు గదులు రాజుగారి పడగ్గదుల్లా ఉన్నాయి, నది వైపు కిటికీలు, సొంత బాత్రూమ్. మిగతావి పైకప్పు కింద, తల వంచుకుని నడవాలి, ముగ్గురికో బాత్రూమ్. అద్దె అందరం సమానంగా వేసుకుందామని ఒకడంటాడు (పెద్ద గది మీద కన్నేసింది వాడే). గదిని బట్టి వేయాలని ఇంకొకరు. చీట్లు వేసేద్దామా అనుకుంటున్నాను. పిల్లలకి సగం లెక్క కడతారా, అసలు కట్టరా? ఇలా వెళ్లొచ్చినవాళ్లు ఏం చేశారో చెప్పండి.

ఇంకొకటి. దుప్పట్లు, క్లీనింగ్, ఊరి టూరిస్ట్ పన్ను విడిగా కట్టాలట, డిపాజిట్ కూడా. పోపు వాసనకి, పసుపు మరకలకి డిపాజిట్‌లో కోత పడిన అనుభవం ఎవరికైనా ఉందా?

పారిస్ నుంచి సెయింట్ పియెర్ దె కోర్ స్టేషన్ వరకు టీజీవీలో (హైస్పీడ్ రైలు) వస్తాం. అక్కణ్నుంచి కార్లు లేకుండా షెనోన్సో, షాంబోర్ షాటోలు చూడటం అయ్యే పనేనా? ఆదివారం మధ్యాహ్నం అక్కడ చాలా కొట్లు మూసేస్తారని విన్నాను, బియ్యం, పెరుగు పారిస్‌లోనే కొనుక్కోవాలా? ఆవకాయ ఎలాగూ హైదరాబాద్ బ్యాచ్ తెస్తోంది.