అగేవ్ గెడలో నల్ల తుమ్మెదలు: నరికేయాలా, ఉంచాలా?

ప్రశ్న:
మేముండేది ఆరిజోనాలో, టూసాన్ శివారున. పెరట్లో అగేవ్ (కిత్తనార జాతి ఎడారి మొక్క) పూసి చచ్చిపోయింది, ఎండిన పూలగెడ మాత్రం నిలబడే ఉంది. దానికి చూపుడువేలు పట్టేంత గుండ్రటి కన్నాలు పడ్డాయి. కింద పొట్టు రాలుతోంది. పెద్ద నల్ల తుమ్మెదలు వచ్చిపోతున్నాయి. ఇవి చాలవన్నట్టు బంగారు రంగు బొచ్చు, ఆకుపచ్చ కళ్లు ఉన్నదొకటి మధ్యాహ్నం దాటాక వరండా పక్క పొద దగ్గర గాల్లో నిలబడి, మొహం మీదికి దూసుకొస్తోంది. పిల్లలు జడుసుకుంటున్నారు. తోటపనికి వచ్చేవాళ్లు గెడ నరికేస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:
దయచేసి నరకనివ్వకండి. మీ దగ్గర ఉన్నవి రెండు జాతులని నా అంచనా.

ఆ బంగారు రంగుది జైలోకోపా సొనోరినా అనే జాతిలో మగది. మగవాటికి అసలు కొండే ఉండదు, కుట్టలేవు. ఆడదాని కోసం అక్కడ కాపు కాస్తోంది, గులాబీని తలపించే వాసన కూడా వదులుతుంది. కదిలేది ఏదైనా దగ్గరికొచ్చి చూసి పోతుంది, అంతే. పిల్లలకు ఈ మాట చెప్పి దగ్గర నిలబెట్టి చూపించండి, భయం పోతుంది.

గెడలోవి బహుశా జైలోకోపా కాలిఫోర్నికా. ఎండలో ఒంటిమీద నీలిరంగు మెరుపు కనిపిస్తుందేమో చూడండి. అగేవ్, యక్కా, సోటోల్ లాంటి ఎడారి మొక్కల ఎండు గెడలంటే వీటికి ప్రాణం: పైన గట్టి బెరడు, లోపల మెత్తటి బెండు. సొనోరినా ఆడది కూడా నల్లగానే ఉంటుంది కానీ, అది ఎండు చెట్ల చెక్కను తొలుస్తుంది. కాబట్టి దగ్గర్లో ఎండిన మానో కట్టెల మోపో ఉంటే దాని గూడు కోసం అక్కడ వెతకండి.

ఇవి చెక్క తినవు, తొలిచి పొట్టు బయటికి తోసేస్తాయి. సొరంగంలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దానిమీద ఒక్క గుడ్డు పెట్టి, పొట్టుతోనే అడ్డుగోడ కడతాయి. ఆ గోడ అవతల మళ్లీ ఇంకో ముద్ద. ఒక్కో తల్లి పెట్టే గుడ్లు చాలా తక్కువ. ఒక్క గెడ పోయినా నష్టం పెద్దదే.

ఇంకొకరి జవాబు:
వరండా దూలాలు రంగు వేయని చెక్కవైతే రంగు వేయించండి. రంగున్న చెక్క జోలికి ఇవి పెద్దగా రావు. ఆడవి కుట్టగలవు గానీ, చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టవు.

ప్రశ్న అడిగినవారు:
కంచె అవతల ఎండిపోయిన కాటన్‌వుడ్ మానుకు అలాంటివే కన్నాలున్నాయండీ! గెడ మాత్రం గాలికి ఊగుతోంది. చలికాలంలో ఖాళీ అయ్యాక తీసేయొచ్చా?

జవాబు:
అప్పుడూ ఖాళీగా ఉండదండీ, ఎదిగిన తుమ్మెదలు లోపలే తలదాచుకుంటాయి. పడిపోతుందనిపిస్తే చీకటి పడ్డాక, అన్నీ లోపలికి చేరాక, కన్నాలకు బాగా కింద కోసి, నిటారుగానే కంచెకు కట్టేయండి. ఆ కాటన్‌వుడ్ మాను ఎవరి మీదా పడే చోట లేకపోతే అలాగే వదిలేయండి.