కక్షా, కక్ష్యా?

బసవనగుడి మిద్దె: శనివారం మిద్దెమీద ఐఎస్ఎస్ (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం) మన మీదుగా దాటిపోయే పాస్ పట్టేవాళ్ళకి తెలుగులో ఒక పేజీ రాస్తున్నాం. "కక్ష్య వంపు 51.6 డిగ్రీలు" దగ్గర పేచీ వచ్చింది, యవత్తు ఉండాలా వద్దా అని. పోతన "రవిబింబం బుపమింప"లో నడుము దగ్గర "కక్ష్య" ఉన్నట్టు లీలగా గుర్తు. పాదం ఎవరికైనా నోటికి వచ్చా?

అరసున్న: అక్కడ "కటిస్థలి నుదంచద్ఘంటయై". కక్ష్య లేదు. మీ చెవిలో ఉన్నది అమరకోశం కక్ష్యకి చెప్పిన అర్థాలు, "కాంచ్యాం మధ్యేభబంధనే": మొలనూలు, ఏనుగు నడికట్టు. భూమికి నడికట్టే కదా! యవత్తు తీసేస్తే తెలుగులో మిగిలేది పగ.

పాతప్రతి: పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలో గ్రహాల దారికి "కక్షా" అనే ఉంది, అక్కడెవరికీ పగల్లేవు. నడికట్టు పోలికా నిలవదు. నడికట్టైతే ఏనుగుతోపాటే తిరగాలి. ఐఎస్ఎస్ కక్ష్యాతలం (అది తిరిగే చదును) దాదాపు ఉన్నచోటే ఉంటుంది, కింద భూమి తూర్పుకి జరిగిపోతుంది. సుమారు 93 నిమిషాల చుట్టుకి భూమ్మీద దాని జాడ 23 డిగ్రీలు పడమరకి పోతుంది. ఈ చుట్టు బెంగళూరు నడినెత్తిన పోతే, వచ్చే చుట్టు అరేబియా సముద్రంలో సొకోట్రా దీవి దగ్గర.

అరసున్న: భూస్థిర కక్ష్యకి నిలుస్తుంది. 35,786 కి.మీ. ఎత్తున, సరిగ్గా నడుం చుట్టూ, ఏనుగుతోపాటే.

డాప్లర్ దాసు: యవత్తుకన్నా ముందు పేజీలో లెక్కలు దిద్దండి. టీఎల్ఈ (కక్ష్య వివరాలిచ్చే రెండు వరుసల అంకెలు) రెండో వరుసలో ఉత్కేంద్రతకి, అంటే కక్ష్య గుండ్రం నుంచి ఎంత సాగిందో చెప్పే అంకెకి, దశాంశ బిందువు వెయ్యరు. 0006703 అంటే 0.0006703. ఎపోక్ (ఆ అంకెలు ఏ క్షణానివో) యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక వేళలో ఉంటుంది. దాంతో లెక్కగట్టిన పాస్ వేళకి ఐదున్నర గంటలు కలపకపోతే ఖాళీ ఆకాశం చూస్తారు. టీఎల్ఈ వారం పాతదైతే గాలి ఒరిపిడికి పాస్ వేళ తప్పుతుంది, ఆ పూట దించుకున్నదే వాడండి. ఐఎస్ఎస్ నుంచి మాట వచ్చే 145.800 మెగాహెర్ట్జ్‌లో, ఎదురొచ్చేటప్పుడు మూడున్నర కిలోహెర్ట్జ్ దాకా పైన వినబడుతుంది, దాటిపోయేటప్పుడు అంతే కింద. ఎఫ్ఎమ్ కాబట్టి అక్కడ వదిలేసినా మాట తెలుస్తుంది. 437 మెగాహెర్ట్జ్ దగ్గర తేడా పది కిలోహెర్ట్జ్ దాకా పోతుంది, అక్కడ ట్యూనింగ్ జరపకపోతే గురగురే.

పాతప్రతి: పోతన పద్యమే పాస్ పట్టిక. వామనుడు పెరుగుతుంటే సూర్యుడు ఛత్రమైన చోట తొంభై డిగ్రీల ఎత్తు, పదపీఠమైన చోట అస్తమయం.

అరసున్న: సూర్యుడు దిగాడా అక్కడ? వటుడు పెరిగాడు. మీ సొకోట్రా లెక్కా అదే కదా, కదిలింది కిందిది!

పాతప్రతి: ఒప్పుకున్నా. కానీ కక్షకి తద్భవం "కచ్చ". దోపుకునేదీ అదే, పగా అదే. యవత్తు ఉంటే ఆ కచ్చ ఎలా వచ్చింది?

బసవనగుడి మిద్దె: "దారి వంపు" అని పెట్టేద్దామా?

డాప్లర్ దాసు: వంపు తలానిది, అది భూమధ్యరేఖకి ఎంత వాలిందో; దారిది కాదు. దారి వంపంటే మలుపనుకుంటారు.

అరసున్న: కచ్చ మీద వేరే పోస్టు పెట్టండి, తేల్చుకుందాం.