పుట్టబోయే బిడ్డకు ఆర్‌ఎస్‌వి (ఊపిరితిత్తులకు, శ్వాసనాళాలకు సోకే వైరస్) సోకకుండా ఏం చేశారు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు

మలిచూలు:
నాకు ఎనిమిదో నెల నడుస్తోంది. పెద్దబాబు నర్సరీకి వెళ్తాడు. చలి మొదలైనప్పటి నుంచి వాడి జలుబు తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతోంది. పుట్టబోయే బిడ్డ రక్షణ కోసం నేను ఇప్పుడే ఆర్‌ఎస్‌వి టీకా వేయించుకోవచ్చని డాక్టరు గారు చెప్పారు. బిడ్డ పుట్టాక బిడ్డకే ఇంజెక్షన్ ఇప్పించే మార్గం కూడా ఉందట. ఈ రెండింటిలో మీరు దేన్ని ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో, ఇంట్లో మరో చిన్నపిల్లవాడు ఉన్నప్పుడు ఏ జాగ్రత్తలు ఆచరణలో సాధ్యమయ్యాయో దయచేసి తెలియజేయండి.

నైట్‌డ్యూటీ:
నేను పిల్లల వార్డులో నర్సును. తల్లికి టీకా వేసినప్పుడు ఆమె శరీరంలో తయారైన ప్రతిరక్షకాలు (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు) మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. ఇందుకు సుమారు రెండు వారాలు పడుతుంది కనుక, టీకా వేసుకున్న 14 రోజుల లోపే కాన్పు అయితే బిడ్డకు చాలినంత రక్షణ అందిందని అనుకోవడానికి వీలులేదు. అటువంటప్పుడు బిడ్డకే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్ ఇస్తారు. అది టీకా కాదు, సిద్ధంగా తయారుచేసిన ప్రతిరక్షకం. బిడ్డ బరువు 5 కిలోల లోపు ఉంటే 50 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే 100 మిల్లీగ్రాములు, ఒకే మోతాదు. దాని రక్షణ కనీసం ఐదు నెలలు ఉంటుంది. చాలామంది పిల్లలకు ఈ రెండింటిలో ఒకటి చాలు. టీకా వేసే గడువు మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది: అమెరికాలో 32 నుంచి 36 వారాల మధ్య వేస్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 28వ వారం నుంచి వేయవచ్చని చెబుతోంది. మీకు ఎనిమిదో నెల అంటున్నారు కనుక నిర్ణయాన్ని వాయిదా వేయకండి.

ఊయల:
మా పాప ఏడో నెలలోనే పుట్టింది. తల్లి నుంచి బిడ్డకు ప్రతిరక్షకాలు ఎక్కువగా చేరేది చివరి నెలల్లోనే కనుక, ముందే పుట్టిన పిల్లలకు ఆ వాటా తక్కువగా అందుతుందని అప్పుడే తెలిసింది. ఆ రోజుల్లో ఉన్నది 1998లో అనుమతి పొందిన పాలివిజుమాబ్ అనే ప్రతిరక్షక ఇంజెక్షన్ ఒక్కటే. వైరస్ వ్యాపించే కాలమంతా నెలనెలా తీసుకెళ్ళి, ప్రతిసారీ బరువు తూచి, ఆ బరువుకు తగిన మోతాదు వేయించేవాళ్ళం. మందు ఖరీదు ఒక ఎత్తు, తేదీ తప్పకుండా చూసుకోవడం మరో ఎత్తు. ఇప్పుడు ఒక్క ఇంజెక్షన్‌తో సరిపోతుందంటే, నెలలు నిండని పిల్లల తల్లిదండ్రులకు అది ఎంత ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది.

కవలల నాన్న:
ఒక సందేహం. రెండేళ్ళు నిండేలోగా దాదాపు పిల్లలందరికీ ఈ వైరస్ ఒకసారైనా సోకుతుందని, చాలామందిలో అది జలుబుతోనే పోతుందని చదివాను. పైగా 1960లలో పిల్లలపై ప్రయోగించిన ఆర్‌ఎస్‌వి టీకా మేలుకు బదులు కీడు చేసిందని కూడా విన్నాను. ఈ రెండూ తెలిసిన తర్వాత మనసు వెనకాడడం తప్పా?

నైట్‌డ్యూటీ:
తప్పేమీ కాదండీ, అడగవలసిన ప్రశ్నే. ఫార్మలిన్ అనే రసాయనంతో చంపిన వైరస్‌తో చేసిన ఆ పాత టీకా వేసుకున్న పసిపిల్లలకు తర్వాత వైరస్ సోకినప్పుడు జబ్బు మరింత ముదిరింది. ఇద్దరు మరణించారు కూడా. ఆ దెబ్బతో పరిశోధన దశాబ్దాల పాటు వెనకబడింది. వైరస్ మన కణంలోకి చొరబడడానికి ముందు అందుకు అది వాడుకునే, దాని పైభాగంలోని ఎఫ్ ప్రోటీన్ ఏ ఆకారంలో ఉంటుందో 2013లో తేలిన తర్వాతే, ఆ ఆకారాన్ని చెదరకుండా నిలిపి నేటి టీకాను రూపొందించగలిగారు. అదీ పసిబిడ్డకు కాదు, ఇదివరకే ఎన్నోసార్లు ఈ వైరస్‌ను ఎదుర్కొన్న తల్లికి వేస్తారు. ఈ టీకా పరీక్షల్లో నెలలు నిండని కాన్పులు టీకా వేసుకున్నవారిలో స్వల్పంగా ఎక్కువ కనిపించినా, ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. అమెరికాలో 32 వారాలు నిండేదాకా ఆగమనడానికి ఆ జాగ్రత్తే కారణం.

ఇక అందరికీ వచ్చేదే కదా అన్న మాటకు వస్తే, ఏ వయసులో వస్తుందన్నదే ఇక్కడ ముఖ్యం. ప్రపంచంలో ఏటా ఐదేళ్ళలోపు పిల్లలు సుమారు లక్షమంది దీనివల్ల చనిపోతుంటే, వారిలో దాదాపు సగం మంది ఆరు నెలలు నిండనివారే. ఆ వయసులో శ్వాసనాళాలు చాలా సన్నగా ఉంటాయి. కొద్దిపాటి వాపు, కొంచెం చీమిడి చాలు మూసుకుపోవడానికి. యాంటీబయాటిక్‌లు వైరస్‌పై పనిచేయవు. మేము చేయగలిగింది ఆక్సిజన్ పెట్టడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం, బిడ్డ తనంతట తాను కోలుకునేవరకు కనిపెట్టుకుని ఉండడం.

కవలల నాన్న:
ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. కాన్పు తర్వాత ఇచ్చే ఇంజెక్షన్ గురించి మా డాక్టరు గారిని అడుగుతాను.

అమ్మమ్మ:
అమ్మా, ఇంజెక్షన్ల సంగతి డాక్టర్లు చూసుకుంటారు, ఇంటి సంగతి నేను చెబుతాను. పెద్దవాళ్ళకు ఇది ఉత్త జలుబులాగే ఉంటుంది, అందుకే మనం లెక్కచేయము. మా మనవరాలు పుట్టినప్పుడు నాకు గొంతు గరగరలాడుతుంటే, అది తగ్గేవరకు బిడ్డను ఎత్తుకోనని నేనే చెప్పాను. ఇంట్లో కొందరు నొచ్చుకున్నారు, నొచ్చుకోనివ్వండి. బిడ్డ ముఖం మీద, చేతుల మీద ముద్దులు వద్దన్నాము. పెద్దపిల్ల బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చాకే చెల్లి దగ్గరకు వెళ్ళేది; అక్కను పూర్తిగా దూరం పెడితే అలుగుతుంది కనుక పాదాలు ముట్టుకోవచ్చని ఒప్పించాము. గట్టి వస్తువుల మీద వైరస్ కొన్ని గంటలు బతికి ఉంటుందట, అందుకే బొమ్మలు, తలుపు గడియలు తుడుస్తూ ఉండేవాళ్ళం. ఇంట్లో పొగతాగడం బొత్తిగా కూడదు. తల్లిపాలు తాగించగలిగినంత కాలం తాగించు, అది కూడా ఒక రక్షణే.

మలిచూలు:
అందరికీ ధన్యవాదాలు. టీకాకే మొగ్గు చూపుతున్నాను; ఈ వారమే వేయించుకుంటాను. ఒక్క ప్రశ్న మిగిలింది: బిడ్డను ఇంటికి తెచ్చే రోజుకు పెద్దవాడికి దగ్గు ఉంటే ఎన్నాళ్ళు విడిగా ఉంచాలి?

నైట్‌డ్యూటీ:
సాధారణంగా 3 నుంచి 8 రోజుల పాటు ఇతరులకు అంటుతుంది, లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే మొదలుకావచ్చు కూడా. వీలైతే ఆ వారం వాడిని వేరే గదిలో, మీరు కాకుండా మరొకరి దగ్గర పడుకోబెట్టండి. ఎంత చూసుకున్నా బిడ్డకు సోకితే, రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు సగానికి సగం తగ్గించినా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.