సమస్య: "ఆరు దాటి వచ్చి రైదుగురును"

నిర్వాహకుడు, నెల్లూరు:
ఈ వారం సమస్య, అంటే ముందు మూడు పాదాలు చేర్చి మీరు పూరణ చేయాల్సిన చివరి పాదం, నేను కూర్చుని అల్లింది కాదు, బస్సులో దొరికింది. పోయిన నెల సూళ్ళూరుపేటలో చెన్నై బస్సెక్కాను. గుమ్మిడిపూండి దాటాక నా ముందు సీట్లో ఒక తమిళ పెద్దమ్మ, ఒళ్ళో స్టీలు క్యారియరు పెట్టుకుని కూర్చున్నావిడ, పక్కనున్న మన వైపు పెద్దాయన్ని "ఆరు తాండియాచ్చా?" అని అడిగింది. ఆయన చేతి గడియారం చూసుకుని "ఇంకా లేదమ్మా, ఐదున్నరే" అన్నాడు. ఆమె అడిగింది ఏరు దాటామా అని. ఆయన చెప్పింది టైము. కాసేపటికి వంతెన వచ్చింది. ఆమె కిటికీలోంచి వేలు చూపించి "ఇదో, ఆరు!" అంది. ఆయన మళ్ళీ గడియారం చూశాడు.

ఆ ఇద్దరి మధ్యా ఉన్నది రెండక్షరాల మాట. ఇంటికొచ్చేదాకా అదే నా చెవిలో తిరుగుతూ ఉంది. అందుకే ఈ పాదం. ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే, అంటే మూడు మాత్రల చిన్న గణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన పొత్తు, ఆకు ఐతో చెల్లింది (వచ్చిరి + ఐదుగురును). ఐదుగురు ఆరును ఎట్లా దాటారో మీరు చెప్పాలి. ఆరుకు మీకు తెలిసిన ఏ భాష అర్థమైనా తీసుకోండి. పద్యం మాత్రం తెలుగులో ఉండాలి.

కావలి అక్కయ్య:
నాకు వేరే భాష రాదు. బస్సులో పెద్దాయన అర్థమే నాదీ.

సంత చూడ బోయి సాయంత్ర మాయెను
అమ్మ యెదురు చూచె నరుగు మీద
గంట చూచి చూచి కనులు కాయలు గాచె
ఆరు దాటి వచ్చి రైదుగురును

నిర్వాహకుడు:
అక్కా, ఎక్కడా తడుముకోకుండా చదివించింది. మూడో పాదంలో గ–క యతి సహజంగా పడింది. "కనులు కాయలు గాచె" అన్న నుడికారం కోసం గణాలను వంచాల్సిన పని లేకపోయింది, అది చాలా మందికి కుదరదు. అరుగు మీద కూర్చున్న అమ్మ నాకు కనిపించింది.

ఒంగోలు మాస్టారు:
పద్యం బాగుంది తల్లీ. ఒక్క మాట. "గాచె" తర్వాత అచ్చు వస్తే పూర్వకవులు "గాచె నారు దాటి" అని సంధి చేసి చదువుతారు. అప్పుడు వినేవాడి చెవిన పడేది నారు. నెల్లూరు వైపు నారు అంటే ఏం గుర్తొస్తుందో నేను చెప్పక్కర్లేదు, నారుమడి గట్టు మీద ఐదుగురు నడిచి వస్తున్నట్టే ఉంటుంది. పాదం చివర ఆగి చదివితే ఇబ్బంది లేదు. తప్పు అనను, తెలిసి వాడమంటున్నాను.

కావలి అక్కయ్య:
మాస్టారూ, ఆ నారు సంగతి నాకు తట్టలేదు. మా అమ్మ నాట్ల రోజుల్లో పొద్దుపోయాకే వచ్చేది. రెండు అర్థాలూ ఉండనివ్వండి.

సూళ్ళూరుపేట అబ్బాయి:
అన్నా, నాది పెద్దమ్మ వైపు.

తమిళ భాషలోన తటినియే యారగు
పడవ సాయ మడిగి పల్లెవారు
వరద తగ్గినంత వంటచెఱకు మోసి
ఆరు దాటి వచ్చి రైదుగురును

ఒంగోలు మాస్టారు:
గణాలు సరే, యతులు సరే. మొదటి పాదం మాత్రం నిఘంటువు. "తమిళంలో నది అంటే ఆరు" అని ముందే చెప్పేశాక నాలుగో పాదం విని ఆశ్చర్యపోయేదెవరు? ముడి నువ్వే విప్పి చేతికిచ్చావు. అర్థం చెప్పకుండా స్ఫురించేలా రాయి. వంటచెరకు మోసుకొచ్చే మనుషులు బాగున్నారు, వాళ్ళనైతే వదలొద్దు.

సూళ్ళూరుపేట అబ్బాయి:
నిజమే మాస్టారూ. మళ్ళీ ప్రయత్నిస్తున్నా. ఇక్కడ నది పేరు ఎక్కడా చెప్పలేదు, చూడండి.

కంచి కేగి మొక్కి కామాక్షి తల్లికి
మనసు నిండి తిరుగు మార్గమందు
పాలవంటి యిసుక పాదాల మెరయగ
ఆరు దాటి వచ్చి రైదుగురును

గూడూరు సభ్యుడు:
పాల వంటి ఇసుక, ఆ వెంటనే ఆరు. పాలారు! పేరు ముక్కలై రెండు పాదాల్లో దాక్కుంది. అబ్బయా, అదరగొట్టావు. అయితే ఒక చిక్కుంది. పాలారు కంచికి దక్షిణాన ఉంటుంది. కంచి నుంచి మన వైపు రావాలంటే ఉత్తరానికి నడవాలి. తిరుగు దారిలో పాలారు అడ్డం రాదు.

సూళ్ళూరుపేట అబ్బాయి:
అన్నా, నాకు చెమటలు పట్టాయి. దిక్కు చూసుకోలేదు. ఐదుగురినీ ముందు తిరువణ్ణామలైకి పంపి, అటు నుంచి కంచికి తెస్తాను.

అరుణగిరిని చుట్టి యలసట మఱచుచు
కంచి దారి బట్టి కలసి నడచి
పాలవంటి యిసుక పాదాల మెరయగ
ఆరు దాటి వచ్చి రైదుగురును

నిర్వాహకుడు:
ఇప్పుడు దారి కుదిరింది, పద్యమూ పెరిగింది. మొదటి పూరణలో గుడి చూసిన తృప్తి మాత్రమే ఉంది, ఇందులో గిరిప్రదక్షిణ అలసట, కాళ్ళకంటిన ఇసుక కూడా ఉన్నాయి. భూగోళం సరిచేస్తే కవిత్వం బాగుపడటం నేను చాలాసార్లు చూశాను. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళు లేక ఇసుక పరుచుకుని ఉండే ఏరు పాలారు, కాబట్టి నడిచి దాటడం కూడా నమ్మేట్టుగా ఉంది.

ఉదయగిరి సభ్యుడు:
నాకు తెలుగు, కాస్త సంస్కృతం.

కామమాది యైన ఘనశత్రు వర్గము
గురుని మాట తోడ గుర్తెఱింగి
జపము తపము చేసి శాంతులై యడవిలో
ఆరు దాటి వచ్చి రైదుగురును

కొత్త సభ్యురాలు, కందుకూరు:
నమస్కారమండీ. మూడో పాదంలో జకు శాతో యతి చెల్లుతుందా? నేను నేర్చుకుంటున్నాను.

ఒంగోలు మాస్టారు:
చెల్లుతుందమ్మా. చ ఛ జ ఝలకు శ ష సలతో మైత్రి ఉంది. అడగడానికి మొహమాటపడకు. పూరణ సంగతికొస్తే అరిషడ్వర్గం తీసుకోవడం ఒప్పుకోదగ్గ దారే, అవధానాల్లో ఎప్పటి నుంచో నలిగిన దారి కూడా. ఇక్కడ ఆరు అంటే ఒట్టి సంఖ్య. ఏడు శత్రువులుంటే ఏడు అని రాసేవాళ్ళం. మాట మీద ఆధారపడిన పూరణ కాదిది.

నిర్వాహకుడు:
నేనూ అదే అనుకున్నాను. ఒకటి అడుగుతాను మాస్టారూ, సమస్యను నేను మామూలు రతో రాశాను. పాత పద్ధతిలో బండి ఱ ఉండాలి కదా?

ఒంగోలు మాస్టారు:
అసలు రసం అక్కడే ఉంది. మన సంఖ్య పూర్వం ఆఱు. బట్టలు ఆరడం, దీపం ఆరడం, ఇవీ ఆఱు. నది మనకు ఏఱు. తమిళంలో సంఖ్య, నది రెండూ ఱ ఉన్న ఆఱే. చల్లారడం కూడా అదే మాట, మన "చల్లారు" చివర ఉన్నదీ అదే. పాత తమిళంలో దారిని కూడా ఆఱు అన్నారు. అంటే వాళ్ళకు నిండుగా పారేదీ ఆఱే, వేడి తగ్గేదీ ఆఱే. మనకు నీళ్ళు ఏటిలో ఉంటాయి, తడిపోతే ఆరుతుంది. ఒక్క అచ్చు మారితే పక్క రాష్ట్రపు ప్రవాహం మన దండెం మీది చీర అవుతుంది.

నిర్వాహకుడు:
మా అమ్మమ్మది తమిళ సరిహద్దు దగ్గరున్న తడ ఊరు. కాఫీ గ్లాసు ముందు పెట్టి "ఆరిపోతుంది, తాగు" అనేది. నెల్లూరులో మా పక్కింటివాళ్ళు చిన్నప్పుడు నన్ను ఆటపట్టించేవాళ్ళు, కాఫీ ఏమన్నా గుడ్డనా ఆరడానికి అని. చల్లారిపోతుంది అని చెప్పడానికి ఆమెకు ఆ సగం మాట చాలు. ఇంతకాలానికి ఆమె పక్షాన ఒక ఆధారం దొరికింది మాస్టారూ.

కొత్త సభ్యురాలు, కందుకూరు:
నేనూ ఒకటి రాశాను. మా ఊళ్ళో ఆసుపత్రిలో ఒక మలయాళీ నర్సమ్మ ఉండేది. తలుపు కొడితే "ఆరు?" అనేది, వాళ్ళ భాషలో ఎవరు అని. తప్పులుంటే చెప్పండి.

ఊరివారు రోగి నుయ్యెల మోసిరి
వాన కురియు రేయి వాగు నడుమ
కేరళమ్మ నర్సు గేటులో నడిగెను
"ఆరు?" దాటి వచ్చి రైదుగురును

సూళ్ళూరుపేట అబ్బాయి:
అక్కా! ఒక్క ప్రశ్నార్థకంతో పాదమంతా మారిపోయింది.

ఒంగోలు మాస్టారు:
రెండుసార్లు చదివాను. నర్సు "ఎవరు?" అంటుంది. జవాబు: వాగు దాటి వచ్చారు, ఐదుగురు. ఆ వాగును తమిళుడైతే ఆరు అంటాడు, అదీ లోపల వినబడుతూనే ఉంది. ఇంకో విశేషం. మలయాళంలో నదికీ ఆరుకూ ఱ ఉంటుంది, ఎవరు అనే మాటకు మామూలు ర. నిర్వాహకులు పాత పద్ధతిలో ఱ రాసి ఉంటే ఈ పూరణకు చోటే లేదు. తప్పంటే ఒకటే, "కేరళమ్మ నర్సు" కాస్త అతుకు. "రోగి నుయ్యెల మోసిరి" అన్నది కూడా బిగువైంది, రోగిని ఉయ్యెలలో పెట్టి అనే అర్థం చదివేవాడే పూరించుకోవాలి. అయినా దేన్నీ మార్చమనను.

నిర్వాహకుడు:
ఈ వారం నా ఓటు కందుకూరు పద్యానికి. జోలె కట్టి మోసుకొచ్చిన మనిషిని ముందు పెట్టి భాషను వెనక పెట్టింది. వానలో తడిసి వచ్చిన ఐదుగురికి ఆ ప్రశ్న ఏ భాషలో ఉందో పట్టదు, తలుపు తీస్తే చాలు.

పొదలకూరు రైతు:
ఆలస్యమైంది, క్షమించండి. నాట్లలో ఉన్నాను. ఏరు, ఆరు అని మీరంతా అంటుంటే మా కాలవ గుర్తొచ్చింది. 1983లో ఒప్పందం, 1996లో తెలుగుగంగ నీళ్ళు తమిళనాడుకు వెళ్ళాయి. కండలేరు జలాశయం నుంచి ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు. అక్కడి నుంచి పూండి జలాశయం. పూండి ఉన్నది కొసస్థలియారు మీద. పేర్లు చూడండి, ఇక్కడ కండల ఏరు, అక్కడ కొసస్థలి ఆరు. మధ్యలో నీళ్ళు మారలేదు.

కండలేటి నీరు కాల్వలో వెంట రా
నాట్లు వేయువారు నవ్వుకొనుచు
పూండి దాక పోయి పొలము పనులు చేసి
ఆరు దాటి వచ్చి రైదుగురును

కావలి అక్కయ్య:
అన్నా, "వెంట రా" దగ్గర ఆగిపోయాను. కూలికి పోయే ఆడవాళ్ళకు తోడుగా నీళ్ళు నడుస్తున్నట్టుంది. మా అమ్మా వాళ్ళూ అట్లాగే ఐదుగురు ఒక జట్టుగా పోయేవాళ్ళు.

నిర్వాహకుడు:
ఓటు వేశాక వచ్చింది ఈ పద్యం, మళ్ళీ వేస్తాను. ఇద్దరికీ సమానం. పూ–పొ యతి పడ్డ చోట పని కూడా పడింది. పొదలకూరన్నా, నాట్లు అయ్యాక ఆ కాలవ గట్టు మీద ఒక ఫోటో తీసి పెట్టండి. ఏరు ఆరుగా మారేది ఎక్కడో చూడాలనుంది.

పొదలకూరు రైతు:
మారే చోటు అంటూ ఏమీ కనబడదు సార్. గేటు దగ్గర నిలబడితే ఇటు కాలవ నీళ్ళు చూసే లస్కరు తెలుగులో అరుస్తాడు, అటు వాళ్ళు తమిళంలో. నీళ్ళు పోతూనే ఉంటాయి. రేపు తీసి పెడతా.