లేబుల్ మారినప్పుడల్లా బ్రేకు ఆలస్యమైతే దాన్ని డిఫెక్ట్ అనకూడదా?

ప్రశ్న:
నమస్కారం. హైదరాబాదులో కార్ల అత్యవసర బ్రేకింగ్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే బృందంలో పనిచేస్తున్నాను. రాత్రి దృశ్యాల సిమ్యులేషన్‌లో, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటే మనిషిని ఎదుట ఉన్నదేమిటో గుర్తించే మా ఏఐ మోడల్ ఒక ఫ్రేములో పాదచారి అనీ, మరో ఫ్రేములో సైకిల్ అనీ గుర్తిస్తోంది. అలా లేబుల్ మారిన ప్రతిసారీ బ్రేకు ఆలస్యమవుతోంది. యూనిట్ టెస్టులన్నీ (కోడ్‌లోని చిన్న భాగాలను విడివిడిగా చూసే పరీక్షలు) పాసయ్యాయనీ, మోడల్ కచ్చితత్వం నిర్ణయించిన హద్దులోనే ఉందనీ చెప్పి డెవలపర్లు ఈ లోపంపై నమోదైన టికెట్ (ఫిర్యాదు) మూసేశారు. ఏ ఆధారంతో తిరిగి తెరవమని అడగాలి?

మొదటి జవాబు:
తప్పకుండా తెరిపించండి. 2018 మార్చి 18న అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపీలో తనంతట తానే నడిచే ఉబర్ ప్రయోగాత్మక కారు ఢీకొని ఒక మహిళ మరణించారు. ఆమె కూడా సైకిలు నడిపించుకుంటూనే రోడ్డు దాటుతున్నారు. అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు నివేదిక ప్రకారం, రాడార్ ఆమెను 5.6 సెకన్ల ముందే పసిగట్టింది. ఆ తర్వాత వాహనం, ఇతర వస్తువు, సైకిల్ అంటూ వర్గం మారుతూ పోయింది. మారిన ప్రతిసారీ అంతకుముందటి కదలికల చరిత్రను లెక్కలోకి తీసుకోకపోవడంతో ఆమె ఎటు వెళ్తున్నారో సిస్టమ్ సరిగా అంచనా వేయలేకపోయింది. క్రాసింగ్ లేని చోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ రూపకల్పనలో లేదు. అనవసరంగా బ్రేకు పడకూడదని పెట్టిన ఒక సెకను నిరీక్షణ, చివర మిగిలిన 1.2 సెకన్లలో అధిక భాగాన్ని మింగేసింది. ఇవన్నీ రాసుకున్నట్టే పనిచేసిన కోడ్ ఫలితాలు కాబట్టి, టెస్టులు పాసవడాన్ని భద్రతకు రుజువుగా ఒప్పుకోకండి.

రెండవ జవాబు:
ఆ రాత్రి కారులోని సేఫ్టీ ఆపరేటర్ (అవసరమైతే కారును అదుపులోకి తీసుకోవాల్సిన మనిషి) దృష్టి రోడ్డు మీద లేదన్నదీ నిజమే, కానీ మనిషి గమనించకపోయినా ఆదుకోవడానికే కదా మీరు పరీక్షిస్తున్న బ్రేకు! మీరడిగిన ఆధారం వాహన భద్రతపై వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 21448లో ఉంది. ఏ భాగమూ చెడిపోకుండానే, పనితీరు చాలకపోవడం వల్ల కలిగే ప్రమాదాలను గుర్తించాలని ఆ ప్రమాణం చెబుతుంది. మనిషి నడిచే దారి, వేగం మార్చకుండా లేబుళ్లను మాత్రమే ఫ్రేము ఫ్రేముకూ తారుమారు చేసి చూడండి. బ్రేకు పడే క్షణం గణనీయంగా జరిగితే లోపం మోడల్‌ తర్వాతి దశలో ఉన్నట్టే.

అడిగినవారి నుంచి:
మీరు చెప్పినట్టే చేశాను. లేబుల్ మారగానే ట్రాకర్ (గుర్తించిన ప్రతిదానికీ ఒక నంబరు ఇచ్చి దాని కదలికను వెంబడించే భాగం) పాత నంబరు వదిలేసి కొత్త నంబరు ఇస్తోంది, వేగం లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతోంది. ఆ లాగ్ జతచేసి, ఈసారి టికెట్‌ను మోడల్ పేర కాకుండా ట్రాకర్ పేర తెరిచాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.