కారులో పెట్రోలు వాసన ఎంతకీ పోవడం లేదు, ఎవరైనా చెప్పండి

ఎర్రకారు: పొద్దున్నుంచీ దీంతోనే సరిపోయింది. కారులో కూర్చుంటే పెట్రోలు వాసన గుప్పుమంటోంది. బానెట్ ఎత్తి పైపులన్నీ చూశాను, కింద దూరి చూశాను, ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు. సీటు కవర్లు తీసి ఎండలో వేశాను. అయినా అదే వాసన. పిల్లలు కారెక్కం అంటున్నారు, నాకు తలపోటు. ఏం చెయ్యాలో చెప్పండి, ప్లీజ్.

స్పానర్: ట్యాంకు మూత మార్చండి.

ఎర్రకారు: మూత బాగానే ఉందండీ. బిగిస్తే టిక్ టిక్ అంటోంది కూడా.

స్పానర్: టిక్ అన్నంత మాత్రాన గాలి ఆగినట్టు కాదు. లోపలి రబ్బరు రింగు చూడండి. బీటలు వారితే అదే.

పాతబండి: మూత సంగతి తర్వాత. బంకులో గన్ ఠక్కున ఆగాక కూడా ఇంకాస్త పోయించుకుంటారా? ట్యాంకు పైన కొంత ఖాళీ ఉండాలనే అది ఆగుతుంది. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచడానికి కారులో ఒక బొగ్గు డబ్బా ఉంటుంది, చార్‌కోల్ కానిస్టర్ అంటారు. ఇంజన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుని ఆ ఆవిరి ఇంజన్‌లోకి వెళ్లి కాలిపోతుంది. ఆ బొగ్గు ఆవిరి కోసమే. మెడదాకా పోయిస్తే పెట్రోలే నేరుగా అందులోకి దిగుతుంది. తడిసిన బొగ్గు ఇక దేన్నీ పట్టదు. ఎంతమందికి చెప్పినా ఈ అలవాటు మానరు, అదే నా బాధ.

ఎర్రకారు: నేను ఫుల్ ట్యాంకు కొట్టిస్తాను, అంతే. ఇప్పుడు కానిస్టర్ మార్చాలా?

హోస్‌పైప్: అంత తొందరెందుకు? బండి ఎప్పటిది? ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రకం రబ్బరు పైపులు తట్టుకోవు. ఎండిపోయి, క్లిప్పుల దగ్గర సన్నగా చీలుతాయి. పైకి నున్నగానే కనిపిస్తాయి. వేలితో వంచి చూస్తేనే గీతలు బయటపడతాయి.

మల్టీమీటర్: వాసన ఎప్పుడు వస్తోందో అడక్కుండా అందరూ తలో పార్టు మార్పిస్తున్నారు. ఇంజన్ చల్లగా ఉండి స్టార్ట్ చేసినప్పుడు వచ్చి, వేడెక్కాక పోతే ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల ఓ-రింగుల మీద, అంటే గుండ్రటి రబ్బరు సీళ్ల మీద అనుమానం. బయటి గాలి లోపలికి తీసుకున్నప్పుడే వస్తే బానెట్ కింద వెతకాలి, ఎందుకంటే ఆ గాలి ముందు అద్దం కిందున్న జాలీలోంచే వస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు వచ్చి, సగానికి దిగాక తగ్గితే ట్యాంకు పైభాగం. మీది వీటిలో ఏది? చెక్ ఇంజన్ లైటు వెలిగిందా?

ఎర్రకారు: లైటేమీ లేదు. ఫుల్ కొట్టించాక ఒకట్రెండు రోజులు వాసన ఎక్కువగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. వెనక కూర్చున్నవాళ్లకే ఎక్కువ. ఇంజన్‌కి పెట్రోలు తోడే పంపు పాడయిందనుకుందామంటే అదీ కొత్తదే, పోయిన నెలలోనే వేయించాను.

మల్టీమీటర్: ఈ ముక్క ముందే చెప్పాల్సింది. చాలా కార్లలో పంపు ట్యాంకు లోపల, వెనక సీటు కిందే ఉంటుంది. దాన్ని తీసి పెట్టినప్పుడు చుట్టూ ఉండే సీలు కొత్తది వెయ్యాలి. పాతది పెట్రోలులో నాని ఉబ్బుతుంది, మళ్లీ గాడిలో సరిగ్గా కూర్చోదు. మీ సీటు ఎత్తి చూడండి.

స్పానర్: లీకుంటే లైటు వెలగాలి కదా. ఆవిరి బాగా లీకవుతోందని చెప్పే పీ0455 కోడు రావాలి.

మల్టీమీటర్: రావాలనేం లేదు. కారు తనంతట తాను ఆవిరి లీకును పరీక్షించుకుంటేనే ఆ కోడు వస్తుంది, కొన్ని కార్లలో ఆ పరీక్షే ఉండదు. ఉన్న చాలావాటిలో ట్యాంకు మరీ నిండుగా ఉంటే అది నడవదు. ఈయనకు వాసన వచ్చేదే అప్పుడు.

స్పానర్: కారకపోతే దాన్ని లీకు అనరు.

పాతబండి: ఆవిరి పోయినా లీకే. కొంచెం చెమ్మ వస్తే వెంటనే ఆరిపోతుంది కూడా, కింద చుక్క ఎందుకు కనిపిస్తుంది?

చల్లగాలి: అప్పటిదాకా అద్దాలు దించుకుని నడుపుకోండి, ఏం కాదు.

మల్టీమీటర్: దయచేసి అలా చెప్పకండి. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. గాలికన్నా బరువైంది కాబట్టి కింద, సీటు దగ్గరే చేరుతుంది. పిల్లలు కూర్చునే చోటు అది. కారు బయట పెట్టి, తలుపులన్నీ తీసి, బ్యాటరీ నెగెటివ్ విప్పాకే సీటు ఎత్తండి. సిగరెట్టు, సెల్‌ఫోను చార్జింగు ఏవీ దగ్గర వద్దు. పొడి రకం అగ్నిమాపక సిలిండరు పక్కన ఉంచుకోండి.

ఎర్రకారు: ఎత్తాను. రేకు మూత తీయగానే వాసనకి ముక్కు పగిలిపోయింది. పంపు చుట్టూ దుమ్ము ఒక వైపు పొడిగా ఉంది, డ్రైవరు వైపు మాత్రం తడిసి నల్లగా అంటుకుపోయింది. అక్కడే రబ్బరు సీలు అంచు మడతపడి, పంపును బిగించే పెద్ద రింగు కింది నుంచి బయటికి కనిపిస్తోంది. పైన సిలికాన్ పేస్టు పూస్తే ఆగుతుందా?

హోస్‌పైప్: వద్దు! మామూలు సిలికాన్ పెట్రోలు తగిలితే మెత్తబడి ఊడిపోతుంది, ఆ ముక్కలు ట్యాంకులో పడతాయి. పైపులు కూడా...

స్పానర్: సీలు వేస్తే చాలు. అరగంట పని.

మల్టీమీటర్: అరగంటే, కానీ పద్ధతిగా చెయ్యాలి. ట్యాంకు సగంకన్నా కిందికి దిగాలి. బ్యాటరీ మళ్లీ కలిపి, పంపు ఫ్యూజు తీసి ఇంజన్ స్టార్ట్ చేస్తే దానంతటదే ఆగిపోతుంది, లైనులో ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత బ్యాటరీ విప్పండి. అయితే ఇప్పుడున్న ఆవిరిలో మీరు స్టార్ట్ చేయకండి, లోపల పూర్తిగా గాలి ఆడి వాసన పోయాకే. ఆ పెద్ద రింగును ఇనుప స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొట్టనివ్వకండి, రవ్వ లేస్తుంది. దాని టూలు గానీ ఇత్తడి ముక్క గానీ వాడాలి. మెకానిక్‌నే మీ దగ్గరికి రమ్మనండి, కారు నడపొద్దు.

ఎర్రకారు: సరేనండీ. సీలు ఆర్డరు పెట్టాను, ఎల్లుండి వస్తుందట. థాంక్స్.

పాతబండి: కానిస్టర్ కూడా ఓసారి చూపించండి. గన్ ఆగాక ఎంత పోయిస్తారు?

హోస్‌పైప్: బండి ఎప్పటిదో కూడా చెప్పండి, ఆవిరి పైపు ఆ కానిస్టర్‌కే తగిలించి ఉంటుంది.